కొండ ఉందని తెలిసినా

అమ్మా, నేను కులాసా, నా గురించి బెంగ పెట్టుకోకు. ఈ వాతావరణ ఆఫీసులో రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, ఎంత దూరం కనిపిస్తోందో చూసి రిజిస్టర్లో రాయాలి. నీళ్ల ట్యాంకు కనిపిస్తే రెండు కిలోమీటర్లు, కొండ కనిపిస్తే పన్నెండు. మొన్న అలవాటుకొద్దీ కొండ కనిపించిందని రాసేశాను. మా పెద్ద మేడమ్ నన్ను మళ్లీ డాబా ఎక్కించారు.

"చూసి రాశావా, ఉందని తెలిసి రాశావా?"

"కొండ ఎక్కడికి పోతుంది మేడమ్?" అన్నాను. తీరా చూస్తే మసక తప్ప ఏమీ లేదు!

ముప్పై ఏళ్లలో ఆవిడ చూడనిది ఒక్కటీ రాయలేదట. ఒకప్పుడు ఏడాదికి రెండువందల రోజులు కనిపించిన కొండ, ఫ్యాక్టరీల పొగ పెరిగి పెరిగి, నిరుడు నలభై రోజులే కనిపించింది. ఆవిడ అంత నిక్కచ్చిగా రాయకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది? దండం పెట్టాలనిపించింది.

నా దళసరి దుప్పటి పంపు. తమ్ముడు పరీక్షలు ఎలా రాశాడు? నాన్నకు నమస్కారాలు.

దగ్గు తగ్గిందని ప్రతి కార్డులోనూ రాస్తున్నావు. ఈసారి మన ఇంటి మేడ మెట్లు ఎక్కి, ఎన్నో మెట్టు దగ్గర ఆగిపోయావో చూసి రాయి.

నీ పెద్దమ్మాయి