తగ్గనమ్మ శాలువాల ధర

నేను, ఒక లిఫ్టు మెకానిక్ భార్యను, బట్టల దుకాణం వెనక గదిలో కుట్టుమిషన్ ముందు ఒక జీవితం గడిపిన మనిషిని, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా తెలివిలో నేనుండగా, నా ఇష్టం కొద్దీ రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మిగతా ఒంట్లో ఏదీ సరిగా లేదని చెప్పిందీ ఆయనే కాబట్టి ఆ కాగితాన్ని నమ్మవచ్చు. ఇంతకుముందు నేను రాసినవీ, కోపం వచ్చినప్పుడల్లా "నేను పోయాక మీరే పంచుకుని చావండి" అని అరిచినవీ ఇకపై చెల్లవు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా అన్నయ్య కూతురికి, అంటే ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే నా మేనకోడలికి అప్పగిస్తున్నాను. రోజంతా జనం చేత మాటలు పడి కూడా మొహం మాడ్చుకోకుండా టోకెన్లు ఇచ్చే పిల్ల. మా ఇంటి మనుషులతో నెగ్గుకు రావాలంటే ఆ ఓపిక ఉండాలి.

2. మేముంటున్న మూడో అంతస్తు ఇల్లు, నా పేరున బ్యాంకులో మిగిలి ఉంటే ఆ కాస్తా, మా ఆయనకే చెందాలి. ఇందులో ప్రేమేమీ వెతకనక్కర్లేదు. ఇంటి అప్పు ఇద్దరం కలిసి తీర్చాం, అంతే. లోకంలోని లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి లిఫ్టు లేని చోట ఇల్లు కొన్నాడు. నా మోకాళ్ళు ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

3. నా పెద్ద కత్తెర, దుకాణంలో నా పక్కన కూర్చుని కాజాలు కుట్టిన ఆమెకు ఇవ్వాలి. నేను లేచి వెళ్ళినప్పుడల్లా దొంగతనంగా దాంతో గుడ్డ కోసేది. నేను చూడలేదనుకునేది, పిచ్చిది. ఇక దర్జాగా కోసుకోమనండి.

4. దుకాణం ఓనరుకు ఏమీ రాయడం లేదు. మరిచిపోయాననుకుంటాడేమోనని ప్రత్యేకంగా రాస్తున్నాను. నేను సగం రోజు కూర్చుని విప్పి కుట్టిన పనికి ఖాతాదారు ముఖం చిట్లించగానే, "ఆవిడదేముందండీ, కూర్చుని చేసే పనేగా, తగ్గించి ఇవ్వండి" అనేవాడు. తెర ఇవతల నేను వింటున్నానని అతనికి తెలుసు. తగ్గింది అతని జేబులోంచి కాదు, నా కూలిలోంచి.

5. మా తోడికోడలికి నా ఆకుపచ్చ స్వెటరు. నేను ఫోన్లో ఆడిన ఆట గురించి చుట్టాలందరి ముందూ, "మా అక్క లేని గుడ్డలు కుట్టి లేని మనుషులకు అమ్ముతోంది" అని నవ్వించింది. ఇది ఉన్న గుడ్డే. ఆమెకు మోచేతుల దగ్గర పట్టేస్తుంది, తెలిసే ఇస్తున్నాను.

6. ఇక నా అసలు ఆస్తి. తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి.

నడుం పట్టేసి నేను మంచాన పడ్డప్పుడు, "ఊరికే గోడలు చూస్తూ ఎంతసేపుంటావత్తా, ఇందులోనూ కుట్టొచ్చు" అని మేనకోడలు నా ఫోన్లో ఒక ఆట పెట్టింది. అందులో ఎక్కడెక్కడి మనుషులో తిరుగుతుంటారు. ఒకరు రాళ్ళు కొడతారు, ఒకరు వేటాడతారు. నేను శాలువాలు కుట్టేదాన్ని. అందరికీ కలిపి ఒక సంత ఉంది. అందులో ఎవరి సరుకుకు వాళ్ళే ధర పెట్టుకోవచ్చు. ఎవరి సరుకుకు వాళ్ళే! ఆ మాట వినగానే నాకు సగం నొప్పి తగ్గింది. నేను కుట్టినదానికి నేను ధర చెప్పడం బుద్ధెరిగాక అదే మొదలు.

ఆ సంతకు ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఒకడు తొమ్మిది వందల నాణేలంటే పక్కవాడు ఒక్క నాణెం తగ్గిస్తాడు, వాడి పక్కవాడు ఇంకొకటి. అలా అందరూ కలిసి అందరి పొట్టా కొట్టుకుంటారు. సంత కూడా అదే నేర్పుతుంది. సరుకు పెట్టగానే, అన్నిటికంటే చవక ధర కన్నా ఒక నాణెం తక్కువ వేసి చూపిస్తుంది. దిద్దుకోకపోతే అదే ఖాయమైపోతుంది. నేను దిద్దేదాన్ని. నా శాలువా పద్నాలుగు వందలు. ఎందుకంటే నేను లోపల అస్తరు వేస్తాను, మిగతావాళ్ళు ఆ పని ఎగ్గొడతారు. వాళ్ళ శాలువా కప్పుకుని మంచుకొండ ఎక్కినవాడు సగం దారిలో గడ్డకట్టి చస్తాడు. నాది కప్పుకుంటే అవతలి ఊరు చేరతాడు. ఆ సంతలోనే పక్క కొట్టులో మందులమ్మే తాత నా మొండితనం చూసి నాకు తగ్గనమ్మ అని పేరు పెట్టాడు. ఆటలో నా దగ్గర మిగిలిన ఉన్ని అంతా ఆ తాతకు ఇవ్వాలి.

మొదట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. తర్వాత బాటసారి అనే పేరుతో ఒకతను వచ్చాడు. బేరం లేదు, నసుగుడు లేదు, అడిగినంత ఇచ్చి కొన్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత వారం వారం వచ్చాడు. కొన్నది అతనొక్కడే అయినా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. "నా పని విలువ తెలిసినవాడు ఒకడున్నాడండీ" అని మా ఆయనకు చెప్పుకునేదాన్ని. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "మంచి బేరమే తగిలింది నీకు" అనేవాడు.

7. ఒక మధ్యాహ్నం సంత చూస్తుంటే చవక సరుకు మధ్యలో అస్తరు వేసిన శాలువా కనిపించింది. ఆ ఆటలో కుట్టినవాళ్ళ పేరు అంచు మీద పడుతుంది. నా పేరే. అమ్ముతున్నది బాటసారి. ధర, అందరికంటే ఒక్క నాణెం తక్కువ.

ఒళ్ళు మండిపోయింది. "కొన్నవాడివి కప్పుకో, లేకపోతే ఎవరికైనా ఊరికే ఇచ్చెయ్. నా శాలువాను ఆ ధరకు పెట్టడానికి నువ్వెవడివి?" అని అతనికి సందేశం పంపాను. వంటింట్లో మా ఆయన ఫోను టింగుమంది. "పలకవేం?" అని ఇంకొకటి పంపాను. మళ్ళీ టింగుమంది. మూడోసారి ఒట్టి చుక్క పెట్టి పంపాను. అదీ మోగింది. గిన్నెలు తోముతున్న మనిషి సబ్బు చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆటలో ఆయన పెట్టె నా శాలువాలతో నిండిపోయిందట. చోటు చేద్దామని ఒకటి తీసి సంతలో పెట్టాడట. ధర దిద్దాలని తెలియదట. ఎలా తెలుస్తుంది, ఎన్నడూ అమ్మితేగా! రోజూ భోజనం వేళ ఏదో ఒక లిఫ్టు పక్కన కూర్చుని, ఆ ఆటలో రాళ్ళు కొట్టి, గనిలో ఇచ్చే కూలి తెచ్చి నా కొట్టులో పోశాడు. మంచుకొండ మొహం కూడా చూడలేదు. ఒక్క శాలువా కప్పుకోలేదు. "నేను కాకపోతే ఎవరో ఒకరు కొనేవాళ్ళే, నేను ముందు కొన్నానంతే" అన్నాడు. ఆ మాట నిజంగానే నమ్ముతున్నాడు, అదీ నా ఖర్మ.

ఓనరు ధర తగ్గించి నన్ను అవమానించాడు. ఈయన ఒక్క నాణెం తగ్గించకుండా అవమానించాడు. జాలిపడి ఇచ్చింది ధర కాదు. ఆ రోజే కొట్టు మూసేశాను. ఆయన ఫోన్లోంచి ఆట తీసేసి, "ఇక ముట్టను" అన్నాడు, ముట్టలేదు. మళ్ళీ తెరవమని మేనకోడలు చాలాసార్లు చెప్పింది. తెరిచాక ఎవరూ రాకపోతే ఆ ఖాళీ కొట్టు చూసే ధైర్యం నాకు లేదు. నా శాలువాను కావాలనుకుని కొనేవాడు ఈ లోకంలో ఉన్నాడో లేడో తెలియకుండానే పోతున్నాను. డాక్టరుకు చెప్పని నొప్పి ఇదొక్కటే.

8. కాబట్టి, మా ఆయన తన ఖాతా పాస్‌వర్డు మేనకోడలికి ఇచ్చెయ్యాలి. ఆయన పెట్టెలోని శాలువాలన్నీ నా కొట్టులో వేలాడదీయాలి. ధర పద్నాలుగు వందలు. ఆటలో మంచుకాలం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా కొట్టు తెరిచి ఉండాలి. మా ఆయన గానీ, ఆయన మారుపేరు గానీ, మేనకోడలు గానీ, చుట్టాలెవరైనా గానీ, ఒక్కటి కూడా కొనకూడదు. కొంటే ఈ వీలునామాను కాళ్ళతో తొక్కినట్టే. ముక్కూమొహం తెలియనివాడు ఒక్కడు కొన్నా, వాడి పేరేమిటో, మంచుకొండ దాటాడో లేదో కనుక్కుని మా ఆయనకు చెప్పాలి.

9. పిల్లా, మీ మామయ్యకు నా రాత ఆనదు కాబట్టి ఇదంతా నువ్వే పైకి చదివి వినిపిస్తుంటావు. ఇక్కడి నుంచి మనసులో చదువుకో. "ఇక సంతకాలే మామయ్యా" అని చెప్పెయ్.

మంచుకాలం అయ్యాక ఆయన అడుగుతాడు. నీ గుమ్మం దాకా వచ్చి, ఇంకేదో పని మీద వచ్చినట్టు కాసేపు కూర్చుని, అప్పుడు అడుగుతాడు. ఎవరూ కొనకపోతే, ఒక్కటీ పోకపోతే, అన్నిటినీ నీ పెట్టెలోకి మార్చేసుకుని, పోయాయని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు. ఎవరెవరో వచ్చారని, ఒక్కరూ బేరమాడలేదని చెప్పు. అడిగిన ధరకే పోయాయని చెప్పు.

రెండు వేల ఇరవై నాలుగు, నవంబరు పంతొమ్మిది, మంగళవారం.

సంతకం: వీలునామా రాసిన మనిషి

సాక్షులు:
కింది అంతస్తు పళ్ళ డాక్టరు
ఎదురింటి ట్యూషన్ టీచరమ్మ
(సంతకం చేయడం చూశారు, లోపలి సంగతి చదవలేదు.)