ఇంకేమైనా అడుగుతారా

మార్చి 4, తాయిఫ్, సౌదీ
పొట్ట మీద కాలిన మచ్చతో ఒక పసిపాప మా వార్డుకు వచ్చింది. కళ్లు పచ్చగా ఉన్నాయి. డాక్టర్ హిషామ్ చూడగానే, ఇది వాత, కామెర్లకు ముసలివాళ్లు చేసే వైద్యం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కడపలో మా నానమ్మ పెట్టించిన వాత నా పొట్ట మీదా ఉంది.

సాయంత్రానికి నవ్వు పోయింది. పాపను కాల్చిందని ఆ ఇంటి పనిమనిషి చిట్టెమ్మను పోలీసులు తీసుకెళ్లారు. మన తెలుగు మనిషే.

మార్చి 9
హిషామ్‌ది ఫైనల్ ఎగ్జిట్, ఉద్యోగం వదిలి రాత్రికే కైరో ఫ్లైట్. అందుకని కోర్టు కోసం వాంగ్మూలం వీడియో తీశారు. డ్యూటీ నర్సుగా నేను పక్కనే ఉన్నాను. కాలిన గాయమేనా? అవును. కాల్చిన ఇనుమా? అవును. కావాలనే పెట్టారా? అవును. అన్నీ నిజాలే. ఇంకేమైనా అడుగుతారా అన్నాడు. పోలీసాఫీసరు కెమెరా ఆపేశాడు.

ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు.

మార్చి 16
నాకు అరబీ వచ్చని, చిట్టెమ్మ కోసం జైలుకు నన్నే ట్రాన్స్‌లేటర్‌గా పిలిచారు. ఆఫీసరు నమాజుకు వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది. ఆ ఇంటి ముసలమ్మగారేనండి పెట్టింది, పాపకి తగ్గుతాదని. ఆవిడ పేరు మాత్రం ఎత్తనండి, నాకు జొరమొస్తే షోర్బా కాచి పోశారండి, అంది.

ఒళ్లు మండిపోయింది. జైల్లో కూర్చుని ఈ మర్యాదేమిటి!

మార్చి 17
ఆ వాత ఎందుకు పెడతారో కోర్టుకు చెప్పమని హిషామ్‌కు వాట్సాప్ చేశాను. హెడ్ నర్సుకు చెబితే, నీ ఇఖామా రెన్యూవల్ దగ్గర పడింది, ఆ పర్మిట్ పోతే ఇంటికే, నోరు మూసుకో అంది.

మార్చి 18
ఒకే టిక్కు.

మార్చి 21
ఒకే టిక్కు. హిషామ్ ఫోనుకు మెసేజే చేరలేదు. సిరంజి చేతిలో పెట్టుకుని వార్డంతా సిరంజి కోసం వెతికాను.

ఏప్రిల్ 6
అడిగితే చెబుతానని నిన్న హిషామ్ జవాబొచ్చింది. ఇవాళ కోర్టులో వీడియో వేశారు. అవును, అవును, అవును. చిట్టెమ్మ తల దించుకుంది. ట్రాన్స్‌లేటర్ సొంత మాట మాట్లాడకూడదు. తెలుసు. ఇంకేమైనా అడుగుతారా అని స్క్రీన్ మీద హిషామ్ అనగానే లేచి నిలబడ్డాను. ఆయనకు ఇంకా చెప్పాల్సింది ఉంది, బతికే ఉన్నాడు, నిన్ననే జవాబిచ్చాడు, ఫోన్ చేసి అడగండి అన్నాను. జడ్జి నన్ను కూర్చోమని వాయిదా వేశాడు.

ఏప్రిల్ 7
హెచ్.ఆర్. పిలిచింది. ఇఖామా సంగతి తర్వాత చూస్తారట. చూసుకోనీ.

ఏప్రిల్ 20
ఈసారి హిషామ్ లైవ్‌లో వచ్చాడు. ఇలాంటి వాత ఎందుకు పెడతారని జడ్జి అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపే వెనక బెంచీలోంచి ముసలమ్మ లేచింది. కామెర్లకు, నేనే పెట్టాను అంది.

అది చిట్టెమ్మకు తెలుగులో చెప్పాలి. ముసలమ్మగారే ఒప్పేసుకున్నారు, ఇక నువ్వు ఆవిడ పేరు ఎత్తక్కర్లేదు అన్నాను.