ఖాసింబీ ఇంటికి మన పనస తలుపు

నంద్యాల,
గురువారం సాయంత్రం.

అక్కకీ బావకీ నంద్యాల నుంచి మీ పార్వతి దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ మీరందరూ బాగున్నారని, బావ మోకాలి నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. ఆవు ఈనిందా? ఈనితే పెయ్యో కోడెదూడో రాయి. ఫోనుండగా ఉత్తరమేమిటే అని నవ్వకు. మాది ఒకటే అద్దెగది. ఈ మూల మాట్లాడితే ఆ మూల మీ మరిదికి వినబడుతుంది. ఇది ఆయన వినకూడని సంగతి. నువ్వు కూడా దీన్ని మీ బాబి చేత చదివించుకోకు. ఆలస్యమైనా సరే, నువ్వే కూడబలుక్కుని చదువు.

ముందు మంచి సంగతులు చెప్తాను. విత్తనాల గోదాములో నాకు పని ఖాయమైంది. పొద్దస్తమానం కూర్చుని పుచ్చు గింజలు ఏరి పారేయడమే. నడుం పట్టేస్తుంది గానీ నీడపట్టున పని. మీ మరిదికి తలుపులూ కిటికీలూ చేసే కొట్లో తెరిపి లేదు. అమ్మాయి ఇక్కడి బడిలో బాగా కలిసిపోయింది. ఇంటికొచ్చి నన్నే “ఏం చేస్తాండావమ్మా?” అని అడుగుతోంది. వినడానికి ముద్దుగానే ఉంటుంది, కానీ మన మాట మరిచిపోతుందేమోనని దిగులు. ఎండ సంగతి అడగకు. గాలిలో తడి అన్నది లేదు. చీర ఆరేసి బకెట్టు లోపల పెట్టి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది, అదొక్కటే సుఖం. జొన్నరొట్టె తట్టడం నేర్చుకున్నాను. గుండ్రంగా రావు, తినడానికి బాగానే ఉంటాయి. చేప మాత్రం కలలోకి వస్తోంది. పోయినసారి నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే ఇంటిగలామె పరిగెత్తుకొచ్చి, “ఏందమ్మా ఆ కంపు, ఎలక చచ్చిందా?” అంది. అయినా పంపు. తలుపేసుకుని వండుకుంటాను.

ఇక అసలు సంగతి. నాకు కడుపు మండిపోతోంది అక్కా.

వానల్లో నల్లమల మీద ఒక్కసారిగా కురిసి, శిరివెళ్ల దగ్గరి ఒక పల్లెలో వంక పొంగిందని, ఒడ్డునున్న మట్టి మిద్దెలన్నీ కూలిపోయాయని ఫోనులో చెప్పాను కదా. వాటిని మళ్ళీ కట్టడానికి ఇక్కడి మాస్టార్లు, కాలేజీ పిల్లలు, ఆళ్లగడ్డ బేల్దార్లు కలిసి జట్టు కట్టారు. బేల్దార్లంటే మన తాపీమేస్త్రీలే. కూలి గీలి ఏమీ ఉండదు, ఆదివారం పూట వెళ్ళి చేతనైనంత చేసి రావడమే. ఒక మాస్టారు కొట్టుకొచ్చి కొయ్యపని తెలిసినవాళ్ళు కావాలని అడుగుతుంటే, ఆయన మాట పూర్తికాక ముందే మీ మరిది వస్తానన్నాడట. నేనూ బయలుదేరాను. ఇల్లు పోవడమంటే ఏమిటో మనకు తెలుసు కదా, వెళ్ళకుండా ఎలా ఉంటాం? మొదటి ఆదివారం నా మనసు అలాగే ఉంది. బురద ఎత్తాను, ఇటుకలు మోశాను, అందరికీ వంట చేశాను.

రెండో ఆదివారం నుంచి మొదలైంది కుళ్ళు.

మా జట్టు కడుతున్నది ఖాసింబీ అనే ఆమె ఇల్లు. నా ఈడు మనిషే. ఆమె పరుపులు కుడుతుంది, మొగుడు వాటిని ఆటోలో వేసుకుని సంజామల దాకా ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొస్తాడు. వరదకి దూది మూటలన్నీ నానిపోయాయి. తడిసిన దూది ఎంత బరువుంటుందో తెలుసా? ఒక్కో మూట నలుగురం పట్టి ఈడ్చాం. అప్పుడు నాకు నిజంగానే జాలేసింది. కానీ గోడలు లేవడం మొదలయ్యాక చూడు, ఆమె వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, “ఈడ కిటికీ వద్దన్నా. ఆ పక్కకు పెట్టు. ఈడైతే గాలి సూటిగా కొట్టి నా దూదంతా ఎగురుతాది” అంది. ఆళ్లగడ్డ బేల్దారి దస్తగిరన్న, “ముందే చెప్పేదానికేమమ్మా!” అని గొణిగి, కట్టిన గోడ విప్పి, కిటికీ ఆ పక్కకు పెట్టాడు.

మా ఇల్లు తుఫానుకి పోయినప్పుడు, ఏ పక్క కిటికీ కావాలమ్మా అని నన్నెవరడిగారు? కిటికీ సరే, ఇల్లు కావాలా అని ఎవరడిగారు? టార్పాలిను పరదా ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు, కూలిన గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. గోడ లేపుతానని వచ్చినవాడు ఒక్కడు లేడు. నీ పశువులపాక లేకపోతే ఆ చలికాలం ఏమయ్యేవాళ్ళమో. చివరికి నంద్యాలలో కొయ్యపని దొరుకుతుందంటే రైలెక్కాం. ఇన్నేళ్ళయినా నా కిటికీ తెరిస్తే ఇంటిగలవాళ్ళ స్నానాలగది గోడే కనిపిస్తుంది. ఖాసింబీకేమో కట్టిన గోడ విప్పి మరీ కిటికీ జరిపారు. పాపం అనుకోవలసిన మనిషిని చూసి పళ్ళు కొరుక్కుంటున్నాను. ఇది మంచి బుద్ధి కాదని తెలుసు. తెలిసినా ఆగడం లేదు.

అక్కడితో అయిపోలేదు. ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పులు గడపకి రాయి ఇచ్చారు. ఉత్త రాయి ఇస్తే చాలదూ? మధ్యలో పువ్వు చెక్కి పంపారు. ఖాసింబీ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది. నేను అటే చూస్తూ పప్పు అడుగంటించాను. ఆ రోజు అందరూ మాడు పప్పే తిన్నారు, ఒక్కరూ ఏమీ అనలేదు.

పోయిన ఆదివారం ఎవరో దానమిచ్చిన ఫ్లష్ డోరు వచ్చింది. దాని అంచులు అప్పటికే తడికి ఉబ్బి పొరలు లేచి ఉన్నాయి. మీ మరిది వేలితో నొక్కితే వేలు దిగబడింది. తిరిగొస్తుంటే, బస్సు శిరివెళ్ల దాటాక, కిటికీలోంచి బయటకి చూస్తూ “మన పనస చెక్కుంది కదా” అన్నాడు.

నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

ఏ చెక్కో నీకు తెలుసు. నాన్న నాకిచ్చిన జాగాలో, వాకిట్లో ఉన్న పనసచెట్టుది. ఇంటితోపాటే అదీ పడిపోతే బావా మీ మరిదీ కలిసి మిల్లుకు తోలి కోయించారు. మనం మళ్ళీ ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపుకి ఇదే అన్నది మీ మరిదే. బావ ఎవరో జీడిపప్పు లారీవాణ్ణి బతిమాలి ఇక్కడికి పంపించాడు. పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాను. ఏటా వేపనూనె రాస్తాను. ఈ గదిలో దిగిన కొత్తలో ఇంటిగలామె వంగి చూసి “ఏందమ్మా అది?” అంటే, తలుపు అన్నాను. “తలుపుంది సరే, ఇల్లు యాడుంది?” అంది. నవ్వేసి ఊరుకున్నాను. కానీ అక్కా, ఆ చెక్క మంచం కింద ఉన్నన్నాళ్ళూ నాకు ఇల్లు ఉన్నట్టే. అది పోతే నేను ఉత్త అద్దెమనిషిని.

బస్టాండులో దిగేదాకా నోరు విప్పలేదు. దిగాక విప్పాను. ఆమెకి తలుపు లేదు కదా అంటాడాయన. నాకు ఇల్లే లేదన్నాను. ఆమె మీద నీకెందుకంత జాలి అని అడిగి, ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ రాయను. నువ్వే ఒక సాయం చెయ్యాలి. ఆయనకి ఫోను చేసి, అవీ ఇవీ మాట్లాడి, మధ్యలో “మా నాన్న చెట్టు చెక్క జాగ్రత్త, ఎవరికీ ఇవ్వకు” అని ఒక్క మాట వెయ్యి. నేను రాశానని తెలియనివ్వకు. నీ మాటంటే ఆయనకి గౌరవం.

ఆదివారం సాయంత్రం.

అక్కా, పైదంతా రాసి కవరు కొనక ఉంచేశాను. ఇక నువ్వు ఫోను చెయ్యక్కర్లేదు. అంతా అయిపోయింది.

శుక్రవారం ఊడుస్తూ మంచం కింద చీపురు పెడితే దేనికీ తగల్లేదు. చీర మాత్రం చక్కగా మడత పెట్టి ఉంది. మీ మరిదిని అడిగితే దాచలేదు. అప్పటికే కొట్లో తలుపు చేసేశాడు. “నానడిగితే నువ్వు వద్దంతావు. అందుకే అడగనేదు” అన్నాడు. దొంగతనం చేసి పైగా నిజం చెప్తున్నాడు చూడు! అప్పటి నుంచి ఆయనతో మాటలు బంద్. ఇవాళ పొద్దున్నే ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయిని ఇంటిగలామె దగ్గర దిగబెట్టి తర్వాతి బస్సుకి నేనూ బయలుదేరాను. ఇటుకలు మొయ్యడానికి కాదు, నా తలుపు నేను తెచ్చుకోవడానికి. ఆటో మాట్లాడి అయినా తేవాలనుకున్నాను.

వెళ్ళేసరికి బిగించేశాడు. పసుపు రాసినట్టు పచ్చగా ఉంది అక్కా. మంచం కింద చీకట్లో చూడటమే గానీ, ఎండలో ఆ చెక్క అంత అందంగా ఉంటుందని నాకే తెలియదు. చూసి ఇంకా మండిపోయాను. ఖాసింబీ దాని మీద చెయ్యి వేసి అటూ ఇటూ ఊపుతోంది. నన్ను చూసి, “రా పార్వతీ. ఏంది ఈ తలుపు ఇంత పచ్చగుంది? టేకు దొరకలేదా మీ ఆయప్పకు? వానకు ఉబ్బదు గదా ఇది?” అంది.

ఎందుకొచ్చానో ఆ క్షణంలో మరిచిపోయాను.

“టేకేటి దీని ముందు!” అన్నాను. “ఇది పనస. ఉబ్బడమేటి, ఉప్పుగాలికే చెక్కుచెదరనేదు. చెద దీని జోలికి రాదు. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు తిరిగి ఎర్రగా నిగనిగలాడతాది. మా వైపు పెద్దపెద్దోళ్ళ ఇళ్ళకి ఇదే తలుపు.” అలా అంటూనే ఉన్నాను. దస్తగిరన్న తాపీ పట్టుకుని వింటున్నాడు. చెట్టు ఎంత లావుండేదో చేతులు చాపి చూపించాను, కాయలు ఎంతెంత కాసేదో చెప్పాను. ఆ ఊపులో “మా నాన్న నాకిచ్చిన చెట్టు ఇది” అని కూడా అనేశాను.

ఖాసింబీ తలుపు మీది నుంచి చెయ్యి తీసేసింది. “మీ చెట్టుదా?” అని, మీ మరిది వైపు తిరిగి, “ఇంట్లో అడక్కుండా తెచ్చినావా అప్పా?” అంది. ఆయన తల వంచుకుని కింద పడిన మరమేకులు ఏరుకుంటున్నాడు.

ఆమె నన్నే చూస్తూ అంది: “మొదటి దినం నుంచీ చూస్తాండా. నా గోడ లేచేకొద్దీ నీ మొగం వాడిపోతాంది. ఎందుకో అనుకుంటి. ఊడబెరికి తీస్కపో తల్లీ. నీవు కుళ్లుకుంటా ఇచ్చిన తలుపేసుకోని నాకు నిద్రెట్ల పడతాది? నాకు రేకు తలుపు సాలు.”

అంతమంది ముందు ఆ మాట అనేసరికి నా తల కొట్టేసినట్టయింది. మీ మరిది లేచి స్క్రూడ్రైవరు పట్టుకుని, “విప్పేయమంతావా?” అని నన్నే అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. విప్పమంటే విప్పేవాడే. నాకు కావలసింది అదే కదా, అడక్కుండానే చేతికొచ్చింది. ఊ అంటే చాలు. కానీ ఆయన స్క్రూడ్రైవరు తలుపు బందుకి ఆనించగానే మా వాకిలి గుర్తొచ్చింది అక్కా. తుఫాను మర్నాడు తలుపు ఎగిరిపోయి, ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది, దాని వెనక ఇల్లు లేదు. లోపలికి వెళ్ళాలో బయటే ఉండాలో తెలియక నేను దాని ముందు నిలబడ్డాను, నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాకా. అలాంటి బోసి వాకిలి ఇంకొకటి నా నోటితో చేయించలేకపోయాను.

“ఉండనీ” అన్నాను. “కానీ టేకని చెప్పొద్దు. ఎవరడిగినా పనస అని చెప్పాలి. పార్వతి వాళ్ళ చెట్టని చెప్పాలి.”

“చెప్తాలే. సముద్రం పక్క నుంచి వచ్చిందని కూడా చెప్తా” అంది ఖాసింబీ. తర్వాత దగ్గరకొచ్చి, “ఏడుస్తాండావా ఏంది?” అంది. ఏడుస్తున్నాననే చెప్పాను. ఆమె తన కొంగు నా చేతికిచ్చి, “ఇంగ నీవు వచ్చినప్పుడు తట్టొద్దు. తోసుకోని రా. నీ తలుపే గదా” అంది.

ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయింది. ఇంటిగలామె గుమ్మం దగ్గర కూడా పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచి, రమ్మంటేనే వెళ్తాను. తోసుకుని రమ్మని నన్నెవరూ అనలేదు అక్కా.

నా కుళ్ళు పోయిందనుకోకు. ఆమె జరిపించుకున్న కిటికీ దగ్గర కూర్చుని మజ్జిగ తాగాను, ఎంత చల్లటి గాలో! మళ్ళీ కడుపు మండింది. ఇంటికొచ్చి మంచం కింద ఖాళీ చూడలేక బియ్యం డబ్బా అక్కడికి తోశాను. మీ మరిదితో మాట్లాడుతున్నాను గానీ, ఇంకొన్నాళ్ళు చారు పలచగానే పోస్తాను. అడక్కుండా తీసినందుకు ఆ మాత్రం ఉండాలి. నువ్వు ఫోను చేసినప్పుడు ఆయన్ని మందలించు, మరీ గట్టిగా వద్దు.

నెత్తళ్ళతోపాటు కాసిని పనసపిక్కలు కూడా పంపు. ఖాసింబీ ఎప్పుడూ తినలేదట. పిక్కల కూర వండి తీసుకెళ్ళి, చెట్టు చెక్కే కాదు, గింజ కూడా ఎంత గొప్పదో చూపించాలి. బావని మోకాలికి కాపడం పెట్టుకోమను. పెద్దమ్మకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. మాకూ ఒక గోడ లేవాలని, దానికి ఒక కిటికీ నేను చెప్పిన చోట ఉండాలని నువ్వూ బావా దీవించండి.

ఇట్లు,
మీ ఆశీర్వాదం కోరే చెల్లెలు
పార్వతి.

తా.క. వచ్చే ఆదివారం ఖాసింబీ వాళ్ళు ఫాతెహా చదివించి కొత్తింట్లోకి దిగుతున్నారు, భోజనానికి రమ్మన్నారు. ఆ పువ్వు చెక్కిన గడపని తొక్కకుండా దాటి వెళ్తాను. తట్టను.