చిట్టిపిట్ట ఎవరిది

అమ్మాయికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ అల్లుడుగారూ చల్లగా ఉండాలని కోరుకుంటూనే ఇది రాస్తున్నాను.

మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లెక్కితే కలుక్కుమంటున్నాయి, అంతే. అన్నయ్య నా మంచాన్ని మేడ మీంచి దింపించి కార్ఖానా పక్కగదిలో వేయించాడు. గొడుగు గుడ్డ వాసనకి నిద్ర బాగానే పడుతోంది. సగం కుట్టుమిషన్లకు ముసుగులేశారు. వాడు నిన్ను పొమ్మన్నాక గుడ్డ కోత ఎవరికీ కుదరడం లేదు. అతుకుల దగ్గర కారుతున్నాయని కొన్నవాళ్ళు తిప్పి పంపుతున్నారు.

"వాడిది చిట్టిపిట్ట డాట్ కామ్, నాది చిట్టిపిట్ట డాట్ షాప్. ఎవరి దారి వాళ్ళది కదమ్మా" అని రాశావు. నేనూ అన్నయ్య వకీలుతో అదే అన్నాను. ఆయన నవ్వాడు.

"చుక్క తర్వాత ఏది తగిలించినా అది తోకేనండీ. జనం చూసేది చుక్కకి ముందున్న పేరు. దాని ట్రేడ్‌మార్క్ మీ అబ్బాయిది."

మన గొడుగుల పేరని నాన్న రిజిస్టరు చేయించాడు, ఆయన పోయాక అది వాడి పేరు మీదికి మారింది. నీకు తెలిసిందే.

వెబ్‌సైటు పేర్ల తగవులు తీర్చేవాళ్ళ దగ్గర అన్నయ్య పెట్టిన ఫిర్యాదు మీద తీర్పు వచ్చింది. ఇవాళో రేపో నీకూ మెయిల్ వస్తుంది. నీ వెబ్‌సైటు పేరు వాడికి బదిలీ చేయమన్నారు.

అందులో ఒక పేరా ఉంది. అది నువ్వు పరాయివాళ్ళ మాటల్లో చదివేలోగా నేనే చెప్పాలి. "పుట్టినప్పటినుంచీ నన్ను చిట్టిపిట్ట అనే పిలిచారు, నాన్న గొడుగులకు పెట్టింది నా ముద్దుపేరే" అని నువ్వు వాళ్ళకి రాశావు. ఆ మాట నిలిస్తే పేరు నీ దగ్గరే ఉండేదట. నీ జవాబు చదివిన రోజు వకీలు నా వైపు తిరిగాడు.

"కాదని తల్లి ఒక్క ముక్క చెబితే చాలండీ."

అన్నయ్య తలెత్తలేదు. "నీ ఇష్టమమ్మా. దాని దగ్గరే ఉంటానంటే ఇప్పుడే బండి మాట్లాడతా" అన్నాడు.

చెప్పాను. మా ఇంట్లో అమ్మాయిని ఆ పేరుతో ఎవరూ ఎన్నడూ పిలవలేదని ప్రమాణం చేసి సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే నీకు కాస్త ఊరటగా ఉండేది. వణకలేదు.

వాడికి భయపడ్డాననుకోకు. నువ్వు రమ్మంటే కట్టుబట్టలతో వచ్చేదాన్ని. కానీ నీకు చేతులున్నాయి, ఏ పేరు కుట్టి అమ్మినా నీ గొడుగు కొంటారు. వాడికి ఆ పేరు తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఈత రానివాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, ఈత వచ్చినదానివని నిన్ను నీళ్ళలోకి తోశాను. కన్నదాన్ని కాబట్టే మీ ఇద్దరి బలమూ నాకు తెలుసు.

కోర్టుకి వెళ్ళాలంటే నీకింకా కొద్దిరోజులు గడువుందట. అది తీరేదాకా నాకు ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే నోరు జారి చిట్టిపిట్టా అనేస్తాను. అది నువ్వు రికార్డు చేసుకుంటే వాడి కొంప మునుగుతుంది. గడువు దాటిన మర్నాడు చెయ్యి తల్లీ. అప్పుడు నీకు విసుగొచ్చేదాకా ఆ పేరుతోనే పిలుస్తాను.

ఇట్లు,
మీ అమ్మ