అడుగున ఉండిపోయిన ఉత్తరాలు

ఎన్‌కర్నసియోన్,
2 ఆగస్టు 2013.

చెల్లెలు నీదియాకు,

హెర్మెలిందా అక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగడానికే నాకు నోరు రావడం లేదు. నిన్న ఆగస్టు గండం తప్పిపోవాలని ఇంటిల్లిపాదీ పరగడుపున సదాపాకు వేసిన చెరకు సారా మూడేసి గుక్కలు తాగారు. నేను ముట్టలేదు. నాది ఒక నెలతో పోయే గండం కాదు.

నాలుగేళ్ల క్రితం చర్చి ప్రార్థనల జాబితా నా చేతిలో ఉండేది కదా. ఎవరి కష్టం వచ్చినా నలభై ఇద్దరు ఆడవాళ్లకు మెయిలు పంపేదాన్ని. పాపకు సోమవారం గుండె ఆపరేషన్, అందరినీ ప్రార్థన చెయ్యమనక్కా అని నువ్వు రాశావు. ప్రార్థన అడిగినవాళ్ల మాటల్లో ఒక్క ముక్క కోసినా కాకుపే మాతకు చేరదని మనవాళ్ల నమ్మకం. ఉన్నదున్నట్టు పంపేశాను. దాని అడుగున మనిద్దరి పాత ఉత్తరాలున్నాయి. నీ మొగుడు రుఫీనో దెబ్బలకు తాళలేక పాపనెత్తుకుని వచ్చేశానని, వీయారికా ఊళ్లో చర్చి వెనక రొట్టెల బట్టీ మేడమీద ఉన్నానని, ఎవరికీ చెప్పొద్దక్కా అని రాసినవన్నీ. జాబితాలో మీ అత్త సతుర్నీనా కూడా ఉంది. మూడో రోజుకల్లా రుఫీనో ఆ బట్టీ ముందు నిలబడ్డాడు.

నువ్వు పాపతో పెరటి గోడ దూకి తప్పించుకున్నావని మీ సొంతక్క సునిల్దా చెప్పింది. ఆపరేషన్ తేదీ తప్పిపోయిందనీ చెప్పింది. ఆ తర్వాత పాప సంగతి ఎప్పుడడిగినా మొహం తిప్పుకుంటుంది.

ఆ మెయిలు మాత్రం చావలేదు. ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ నా దగ్గరికే వస్తుంది. మొన్న ఏటి అవతల పొసాదాస్ నుంచి ముక్కూమొహం తెలియని ఒకావిడ పంపింది. బట్టీ మేడమీది బిడ్డ కోసం తొమ్మిది రోజులు కొవ్వొత్తి వెలిగించామమ్మా, మీరూ ఇంకో పదిమందికి పంపండి అని రాసింది. నీ మాట ఒక్కటీ చెరగలేదు. ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాటను ఎన్ని వందలమంది చదివారో. నీ గొంతుతోనే వినిపిస్తుంది నాకు.

పోయిన వారం సునిల్దా ఇంటికి వెళ్లి బతిమాలాను. అదెక్కడుందో నన్నడగొద్దు, రాసేదేమన్నా ఉంటే కాగితం మీద రాసివ్వు చేరుస్తా, నీకు మీట నొక్కడం బాగా అలవాటు కదా అంది. అక్కడున్న ఆడవాళ్ల మధ్య వరసగా తిరుగుతున్న మాతే ఆకు కషాయం బుర్రను నన్ను దాటించి పక్కావిడకు అందించింది.

తెలియక జరిగిందని ఫాదర్‌కు చెప్పుకున్నాను, ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను. అయ్యో పాపం అన్నారు. నన్ను క్షమించమని అడగను నీదియా. పాప ఉందో లేదో ఒక్క మాట సునిల్దాతో చెప్పించు.

అక్కా అని పిలిపించుకునే అర్హత పోగొట్టుకున్న
హెర్మెలిందా

తా.క. తెలియక కాదు. పంపే ముందు అడుగుదాకా చదివాను. నీ అడ్రసు చూశాను, జాబితాలో సతుర్నీనా పేరూ చూశాను. అంతకు ముందు ఆదివారమే ఆమె నా చెయ్యి పట్టుకుని, నా మనవరాలు ఎక్కడుందో తెలిస్తే చాలు తల్లీ అని ఏడ్చింది. నాన్నమ్మకు తెలిస్తే తప్పేముంది అనుకున్నాను. నేను చెప్పినట్టూ ఉండదు, ఆమెకు తెలిసినట్టూ ఉంటుంది అనుకున్నాను.