స్టేజీ మీద విప్పే ఉత్తరం

అక్కా, ఒంట్లో కులాసాగానే ఉంది గానీ నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఆదివారం మా లైబ్రరీ వార్షికోత్సవం. ఈ ఏడాది మేం చదువు నేర్పిన పెద్దవాళ్లంతా స్టేజీ ఎక్కి తలా ఒక కాగితం చదువుతారు. మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ తన చెల్లెలి ఉత్తరం చదువుతుందట. పోయినేడు, ఆవిడకు చదువు రానప్పుడు, అది నేనే చదివి పెట్టాను. "ఇక మా గడప తొక్కకు" అని ఉంది. ఆవిడ మొహం చూసి నోరు రాక, "పనులు తెమిలాక రా అక్కా" అని చదివేశాను. తప్పు నాదే.

"మా చెల్లి మాట నలుగురూ వినాలమ్మా. స్టేజీ మీదే విప్పుతా" అంటోంది. చెప్పేద్దామని మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఇస్త్రీ బట్టలిచ్చి వచ్చేశాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి కొత్త కళ్లద్దాలు కుదిరాయా? నా నీలం శాలువా ఎవరైనా వస్తుంటే పంపు. పిల్లలకు ముద్దులు.

ఆ ఉత్తరం తప్ప, చేతికందిన కాగితమల్లా చదవందే వదలదు ఇప్పుడావిడ. అందుకే అక్షరాలు ఇంత పెద్దగా, విడివిడిగా రాశాను. ఈ కార్డు పోస్టుడబ్బాలో వేసి రమ్మని ఆవిడ చేతికే ఇస్తున్నాను.

నీ చెల్లెలు