ఎడమవైపు నీడ

అరోరా నుంచి

ప్రియమైన ప్రిస్సిల్లాకు, ప్రభువు పేరట నీ పిన్ని దీవెనలు.

ఫోన్‌లో అయితే ఇంగ్లీషులోకి జారిపోతావు, అందుకే ఉత్తరం. మ్యూజియంలో చూసి నువ్వు గీసి పంపిన పాత ఫ్లెమిష్ చర్చి లోపలి బొమ్మ అందింది. మన చర్చి వార్షికోత్సవానికని హాల్లో పెట్టాను. స్తంభాలు, పైకప్పు అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆడవాళ్లం కూర్చునే ఎడమవైపంతా చీకటి, మగవాళ్ల వైపు వెలుగు. "ప్రిస్సిల్లాకి మన మీద ఏం కోపం వదినా?" అని పర్సిస్ అడిగింది. పోస్టులో తడిసిందమ్మా అన్నాను.

మీ బాబాయి భూస్థాపన తర్వాత నువ్వు మన చర్చికి రాలేదు. ఈసారైనా వస్తావా?

నీ కోసం ప్రార్థించే
వసంత పిన్ని

తా.క. బొమ్మలో చర్చి మధ్య ఆ కుక్కేమిటని పెద్దలు అడిగారు. ఆరాధన తర్వాత పెట్టే ప్రేమవిందుకు వచ్చిందని చెప్పాను.

*

ఐసెలిన్ నుంచి

పిన్నీ, వందనాలు.

అది తడి కాదు, నీడ. కిటికీలు ఎడమ గోడకే ఉన్నాయి. అటునుంచి వచ్చిన వెలుగు ఎదుటివైపు పడుతుంది. వెలుగు కోసం ఆ ఆర్టిస్ట్ ఏమీ పూయలేదు, కాగితాన్ని అలా వదిలేశాడు. నీడనే పలచటి గోధుమరంగు సిరాతో పొర మీద పొర వేశాడు. నేనూ అలాగే వేశాను. నాకెవరి మీదా కోపం లేదు. వాళ్లు ఫీలయితే నేను రాకపోవడమే మంచిదేమో.

మీ ప్రిస్సిల్లా

తా.క. కుక్క ఒరిజినల్‌లోనే ఉంది. నా తప్పు కాదు.

*

అరోరా నుంచి

చిట్టితల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఆడవాళ్ల బాధ చూడలేక మన చర్చి కుర్రాడు కాలేబ్ నీ బొమ్మను కంప్యూటర్‌లో ఎక్కించి, చీకటంతా తీసేసి బ్యానర్ వేయించాడు. చీకటితోపాటు స్తంభాలూ పోయాయి, పైకప్పూ పోయింది. కుక్క మిగిలింది. దాని కింద "అందరికీ ఆహ్వానం" అని పెద్ద అక్షరాలు. పాస్టర్‌గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఇప్పుడు ఆడవాళ్లే మా నీడ మాకు కావాలంటున్నారు.

భూతద్దం పెట్టి నీ బొమ్మ మళ్లీ చూశాను. ఎడమవైపు స్తంభం చాటున ఎవరో ఒకాయన, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్. ఆడవాళ్ల వైపు మగవాడికేం పని? ఎవరాయన?

నీ రాక కోసం చూసే
పిన్ని

తా.క. కుక్కల్ని తేవచ్చా అని ఇద్దరు ఫోన్ చేశారు.

*

ఐసెలిన్ నుంచి

పిన్నీ,

ఆయన ఒరిజినల్‌లో లేడు. బాబాయి. నీ మోకాలి ఆపరేషన్ తర్వాత, ఎవరు నవ్వినా నీ పక్కనే కూర్చునేవాడు కదా. నువ్వు పాడుతుంటే నీ బ్యాగ్ పట్టుకునేవాడు. వెలుగులో పెడితే సిగ్గుపడతాడని నీడలో కూర్చోబెట్టాను. ఆ కుర్చీ ఖాళీగా చూడలేకే రావడం లేదు. చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు.

సారీతో,
ప్రిస్సిల్లా

*

అరోరా నుంచి

నా బంగారుతల్లికి,

భూతద్దం సంగతి అబద్ధం. బొమ్మ విప్పిన రోజే ఆయన్ని చూశాను. నా బ్యాగ్ నాకు తెలియదా? నలుగురూ ఆ మూలకి వేళ్లు పెట్టి చూపిస్తారని తడిసిందని చెప్పాను. ప్రభువును క్షమించమన్నాను. నువ్వే ఒకసారి ఆయన పేరు ఎత్తాలని, ఎవరాయన అని నిన్ను అడిగాను. ఏడ్చాను. తేలికగా ఉంది.

ఆదివారం రా. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వను.

ఎడమవైపు నుంచి,
నీ పిన్ని

తా.క. నేను పాడేటప్పుడు బ్యాగ్ నువ్వు పట్టుకోవాలి. బరువుగానే ఉంటుంది.